రేపు ఇస్తా అన్న జాకెట్ల సంగతి

అక్కలకు, వదినలకు, అమ్మలకు నమస్తే. హంటర్ రోడ్డులో మన టైలరింగ్ షాపు పది రోజులుగా ఎందుకు మూసి ఉందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మీ ఫోన్లు కొన్ని ఎత్తాను, కొన్ని ఎత్తలేదు. ఎత్తినప్పుడు కూడా కొందరికి నిజం చెప్పలేదు. ఒక్కొక్కరికి ఒక్కో మాట చెప్తూ పోతే ఎవరికేం చెప్పానో నాకే గుర్తుండదు కాబట్టి, ఉన్నదున్నట్టు అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

మొంథా తుఫాను 2025 అక్టోబర్ 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటింది. ఆ రోజంతా షాపులో టీవీ పెట్టుకుని, కాకినాడ, మచిలీపట్నం సముద్రం చూస్తూ, "పాపం అక్కడివాళ్లు" అనుకుంటూ హుక్కులు కుట్టుకున్నాం. సముద్రం ఎక్కడ, మన హనుమకొండ ఎక్కడ! తీరం దాటాక తుఫాను బలహీనపడిందని వార్తల్లో చెప్తే ఇక అయిపోయిందనే అనుకున్నాను. గాలి తగ్గినా, మేఘం మోసుకొచ్చిన నీళ్లు ఎక్కడో ఒకచోట దించాలి కదా. బుధవారం మన నెత్తిన దించింది. భీమదేవరపల్లిలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా పడిందట. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాల మీదికి నీళ్లొచ్చి రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

మన షాపు సంగతి మీకు తెలుసు. పన్నెండేళ్ల కిందట అద్దెకు తీసుకున్నప్పుడు మూడు మెట్లు ఎక్కి లోపలికి వచ్చేవాళ్లం. రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయారు. ఇప్పుడు ఒక మెట్టు దిగి రావాలి. 2023 జులై వానలకు గడప దాటి జానెడు నీళ్లు వచ్చాయి, తెల్లారేసరికి పోయాయి. ఆ జానెడే నా కొలబద్ద అయింది. అన్నీ అడుగున్నర ఎత్తులో పెట్టుకుంటే చాలనుకుని ర్యాకులు అలాగే చేయించాను.

ఈసారి నీళ్లు ముందు నుంచి రాలేదు. సాయంత్రం ఏడు గంటలకు వెనక బాత్రూం జాలీలోంచి బుడబుడమని పొంగాయి. కుట్టు నేర్చుకునే అమ్మాయి, "అక్కా, వాసన వస్తోంది" అంటే నేను ఫినాయిల్ పోయమన్నాను! అరగంటలో పాదాలు మునిగాయి. అప్పుడు గానీ రోడ్డు వైపు చూడలేదు. చూస్తే రోడ్డుకు, మోరీకి తేడా లేదు, అంతా ఒకటే నీళ్లు.

ఇక్కడ నా తప్పు చెప్పుకోవాలి. నేను ముందు ఎత్తింది మీ బట్టలు కాదు, నా మిషన్లు. నాలుగు మిషన్ల మోటార్లు విప్పి కటింగ్ బల్ల మీదికి ఎక్కించాం. బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్‌ను మా ఆయన, పక్క జిరాక్స్ షాపు తమ్ముడు కలిసి మోశారు. దానికే ఇరవై నిమిషాలు పట్టింది. అప్పు మీద కొన్నవి, ఇంకా కిస్తీలు కడుతున్నా. ఆ సమయంలో బుర్రలో అదొక్కటే తిరిగింది. తర్వాత పై ర్యాకుల్లో కవర్లను ఇంకా పైకి తోశాం. అవి అసలు తడిసేవే కావు. తడవబోయేవి కింది రెండు అరల్లో ఉన్నాయి, అంటే రెడీ అయినవి. ఎవరైనా రాగానే అమ్మాయి టక్కున తీసి ఇవ్వడానికి వీలుగా వాటిని కిందే పెడతాం. అవి గుర్తొచ్చేసరికి కరెంటు పోయింది, నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. "ఇక బయటికి నడువు" అని మా ఆయన చెయ్యి పట్టి లాగారు. చేతికి అందిన నాలుగైదు కవర్లు పట్టుకుని వచ్చేశాను.

సరిగ్గా అప్పుడే, ఎనిమిదిన్నరకు, ఒక వదిన ఫోన్ చేశారు. "మా చీరె పైకి పెట్టినవా?"

"పెట్టిన వదినా. టెన్షన్ పడకండి, రేపు ఇస్తా."

పెట్టలేదు. ఆ చీరె కింది అరలోనే ఉందని చెప్పేటప్పుడే తెలుసు. ఇంకో ఇద్దరికీ అదే మాట చెప్పాను. రేపు ఇస్తా అనడం మా టైలర్లకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. కానీ ఆ రాత్రి నీళ్లలో నిలబడి అన్నమాట ఇంకా నోట్లో చేదుగానే ఉంది.

తెల్లారి ఆరింటికి షటర్ ఎత్తితే తలుపు వెనక బురద అడ్డం పడి సగమే లేచింది. గోడ మీద నీళ్ల గీత కటింగ్ బల్ల అంచుకు రెండు వేళ్ల కింద ఉంది. మిషన్లు దక్కాయి. కింది రెండు అరలు పోయాయి.

చీరెల్లో నన్ను ఎక్కువ ఏడిపించింది ఒక గద్వాల చీరె. సుబేదారి నుంచి ఒక అమ్మ, బిడ్డ పెళ్లికి తన పెళ్లిచీరె కట్టించాలని ఫాల్, పీకో కోసం ఇచ్చారు. గద్వాల చీరెకు ఒళ్లంతా నూలు, అంచు, కొంగు పట్టు. రెండింటినీ మగ్గం మీదే కలుపుతారు. మీగడ రంగు ఒళ్లు, కుంకుమ రంగు అంచు. కవర్‌లోంచి తీసినప్పుడు మడతలు మడతల్లాగే ఉన్నాయి, ఫరవాలేదేమో అనుకున్నాను. బకెట్ మంచినీళ్లలో ముంచి ఒక మడత విప్పాను. ప్రతి మడత మీద అంచు అచ్చుగుద్దినట్టు ఎర్రటి గీత దిగి ఉంది. ముప్పై ఏళ్లు కట్టి, ఉతికి, ఆరేసినా దిగని రంగు ఒక్క రాత్రి ముడుచుకుని తడిసేసరికి దిగింది. కుంకుడు రసం పెట్టాను, నాలుగు నీళ్లు మార్చాను. ఎరుపు గులాబీ అయింది తప్ప పోలేదు.

ఆ అమ్మ వచ్చి చూశారు. నన్ను తిట్టారు, తిట్టాల్సిందే. ఒక మాట మాత్రం గుచ్చుకుంది: "నువ్వు 25కు ఇస్తనన్నవు. ఆ రోజు ఇస్తే నా బీరువాల ఉండేది." నిజం. ఆ చీరెకు రెండు గంటల పని. పెళ్లి ఆర్డర్లు మీద పడి, 25ను 28 చేశాను, 28ను 30 చేశాను.

ఆ రోజు సాయంత్రం కూర్చుని లెక్క చూశాను. షాపులో మొత్తం 63 కవర్లు ఉన్నాయి. 38 పొడిగా ఉన్నాయి. తడిసినవి 25. వాటిలో 9 కవర్లు 29వ తేదీకి ముందే మీ ఇళ్లకు చేరాల్సినవి. తుఫాను నా చేతిలో లేదు. ఆ తొమ్మిది నా చేతిలోనే ఉన్నాయి.

తడిసిన 25లో 14 బాగానే వచ్చాయి. కాటన్ జాకెట్లు, సింథటిక్ చీరెలు, డ్రెస్సులు. రెండుసార్లు ఉతికి, డెటాల్ నీళ్లలో ముంచి, నీడన ఆరేశాం. ఇంకో ఆరు కవర్లలోవాటికి మరకలు పడ్డాయి, కట్టుకోవచ్చు కానీ కొత్తవి అనిపించవు. ఐదు పూర్తిగా పోయాయి. అందులో రెండు మగ్గం వర్క్ జాకెట్లు. పూసలు కుట్టినవి కాబట్టి నిలిచాయి, అంటించిన స్టోన్లు రాలిపోయాయి, జర్దోసి నల్లబడింది, మెడ గట్టిగా నిలవడానికి లోపల వేసిన బక్రం ఉబ్బి అప్పడంలా లేచింది. మోరీ నీళ్లలో నానితే వెండి జరీ నల్లబడుతుంది, రాగి జరీకి కిలుం పడుతుంది. పాలిష్‌వాళ్లకు చూపించాను, చెయ్యి వేయనన్నారు. (మీ ఇళ్లలో కూడా పట్టుచీరెలు తడిసి ఉంటే మూటలో ఉంచకండి, పిండకండి, ఎండలో వేయకండి. ఒక్కోటి విప్పి, మంచినీళ్లలో జాడించి, నీడన వేయండి. ఆలస్యమైన కొద్దీ రంగు పక్క మడతకు ఎక్కుతుంది. నాకు పది గంటలు ఆలస్యమైంది.)

ఇక డబ్బుల సంగతి. పోయిన ఐదింటికి కుట్టుకూలి, వర్క్ డబ్బులు మొత్తం తిరిగి ఇస్తాను, జాకెట్ పీసు కొత్తది నేనే కొనిస్తాను. మరక పడిన ఆరింటికి కూలి తీసుకోను. గద్వాల చీరెకు ఏం కడితే సరిపోతుందో నాకు తెలియదు. ఆ అమ్మ కూడా చెప్పలేదు. ఆ చీరెను కుంకుమ రంగులో అద్దించి అంచుతో కలిపేద్దామా అని అడిగాను. "బిడ్డనడిగి చెప్త" అన్నారు. ఫోన్ కోసం చూస్తున్నాను. అందరికీ ఒకేసారి ఇవ్వలేను, అదీ దాచను. ఈ నెలలో ముగ్గురికి, మిగిలిన ఇద్దరికి డిసెంబర్‌లో. షాపుకు ఇన్సూరెన్స్ లేదు. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఫొటోలు తీసుకుని వెళ్లారు, ఏదైనా వస్తే అప్పుడు చూద్దాం, దాని మీద ఆశ పెట్టుకుని మీకు మాట ఇవ్వను. సమ్మయ్యనగర్, ఎన్టీఆర్ నగర్‌లో ఇళ్లకు ఇళ్లే మునిగినవాళ్ల ముందు నాది పెద్ద కష్టం అని చెప్పుకోవడానికి కూడా మొహం లేదు. మన షాపులో కుట్టు నేర్చుకునే అమ్మాయి వాళ్లది ఎన్టీఆర్ నగరే. ఇంట్లో బియ్యం డబ్బా తేలిపోయింది. మూడో రోజుకే వచ్చి నాతో పాటు బురద ఎత్తింది.

మిషన్లు దక్కాయన్నాను కదా, మూడే దక్కాయి. నాలుగోదాన్ని నేనే పాడుచేశాను. బల్ల మీదున్నా చెమ్మకు మోటార్ తడిసిందని తెలియక, కరెంటు రాగానే స్విచ్ వేశాను. ఒక మెరుపు, కాలిన వాసన, అంతే. మెకానిక్ మిగతావాటిని విప్పి కిరోసిన్‌తో కడిగి, నూనె పోసి ఒకరోజు ఊరుకోబెట్టాడు. మూడు మిషన్లే కాబట్టి పని మూడొంతులే సాగుతుంది.

నవంబర్ 26 నుంచి మూఢం, దాని ముందు ముహూర్తాలకు మీరందరూ ఎంత తొందరలో ఉన్నారో తెలుసు. పెళ్లికూతుళ్ల జాకెట్లు ముందు, ఆ తర్వాత పెళ్లి ఇంటివాళ్లవి, మిగతావన్నీ ఆ తర్వాత. 26 దాకా కొత్త ఆర్డర్లు తీసుకోను. ఎంత దగ్గరివాళ్లు అడిగినా తీసుకోను, దయచేసి మొహమాటపెట్టకండి. ఇచ్చిన తేదీకి కాకపోతే ఆ ముందురోజే నేనే ఫోన్ చేసి చెప్తాను. "రేపు రండి" అంటే మీరు నవ్వుకుంటారని తెలుసు, అందుకే తేదీ చిట్టీ మీద రాసి సంతకం పెడుతున్నాను.

ఇప్పుడు మీరు చేయాల్సిన సాయం ఒకటుంది. ఆర్డర్ల పుస్తకం తడిసింది. బాల్‌పెన్నుతో రాసిన పేజీలు చదవొచ్చు. దసరా తర్వాత అమ్మాయికి జెల్ పెన్ను ముద్దొచ్చింది, ఆ పేజీలన్నీ నీలం మరకలే. బట్టలకు గుచ్చిన చిట్టీలూ అంతే. అక్టోబర్‌లో ఇచ్చినవాళ్లు మీ దగ్గరున్న చిట్టీ ముక్క ఫొటో తీసి పంపండి. కొలతకు ఇచ్చిన ఆది జాకెట్లు కూడా కలిసిపోయాయి, వచ్చేటప్పుడు ఇంకోటి తెచ్చుకుంటే మంచిది. సోమవారం నుంచి పొద్దున పదికి షాపు తీస్తాం. గోడలు ఇంకా చెమ్మగా ఉన్నాయి, వాసన ఉంది, కూర్చోవడానికి బెంచీ లేదు, విరిగిపోయింది. ర్యాకులు నాలుగడుగుల పైకి ఎత్తించాను. ఇక మీ కవరు అడిగితే అమ్మాయి స్టూలు ఎక్కి తీస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

ఉతికి పెట్టిన 14లో ఏడు ఎవరివో తేలలేదు. ఆరింటిని బట్టను బట్టి కనుక్కోగలను అనుకుంటున్నాను. ఒక్కటి మాత్రం అంతు చిక్కడం లేదు. చిలకపచ్చ జాకెట్, మోచేతుల దాకా చేతులు, వెనక కుండ మెడ, ముందు హుక్కులు. పేరు గుర్తు లేదు గానీ మనిషి గుర్తుంది: ఎడమ భుజం కుడిదానికన్నా కొంచెం కిందికి ఉంటుంది, అందుకని ఎడమ వైపు అర అంగుళం తగ్గించి కుట్టాను. కొలతలు తీసుకునేటప్పుడు, బరువు బ్యాగు మోసీ మోసీ అలా అయిందని నవ్వారు. అక్కా, మీది ఇస్త్రీ చేసి పై అరలో పెట్టాను.