ఫైబర్ ఫోన్ పెట్టించే ముందు కరెంటు సంగతి అడగండి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య ప్రతి వీధిలోనూ రాగి తీగ ల్యాండ్‌లైన్ పోయి ఫైబర్ వస్తోంది, ఫోన్ ఫ్రీ అంటున్నారు. మంచిదే. కానీ అమ్మానాన్నలు మాత్రమే ఉండే ఇళ్లకి పిల్లలు హైదరాబాద్ నుంచో డాలస్ నుంచో ప్లాన్ బుక్ చేసేటప్పుడు చూస్తున్నది ఎన్ని ఎంబీపీఎస్, ఎన్ని ఓటీటీలు, అంతే. ఫోన్‌కి ఆ లెక్క అక్కర్లేదండీ. ఒక కాల్‌కి 100 కేబీపీఎస్, అంటే ఒక ఎంబీపీఎస్‌లో పదో వంతు ఉంటే చాలు, 30 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా 300 తీసుకున్నా అమ్మ గొంతు ఒకేలా వినపడుతుంది. అసలు అడగాల్సింది, కరెంటు పోతే ఈ ఫోన్ మోగుతుందా అని.

పాత ల్యాండ్‌లైన్‌కి ఇంట్లో కరెంటుతో పనే లేదు. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు ఆ తీగలోనే వచ్చేది, అందుకే ఊరంతా చీకటైనా మోగేది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురే, కరెంటు రాదు. టీవీ వెనక గోడకి బిగించే ఆ తెల్ల డబ్బా మన ప్లగ్గు మీదే బతుకుతుంది, ఫోన్ వైరు పెట్టేది దాని వెనకే. కరెంటు పోగానే డబ్బా ఆరిపోతుంది, ఫోన్ చెవిన పెట్టుకుంటే చప్పుడే ఉండదు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో కూడా టీవీ దగ్గర ప్లగ్గు చాలాసార్లు ఇన్వర్టర్ లైన్‌లో ఉండదు, అది ఒకసారి చూసుకోండి.

మాది బాపట్ల. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను ఇక్కడికి దగ్గర్లోనే తీరం దాటింది. తుఫాను రోజున ముందు పోయేది కరెంటు, అది గంటలు గడిచినా రాకపోతే సెల్ టవర్ల బ్యాటరీలూ దిగిపోతాయి. సరిగ్గా ఆ సమయంలోనే 108కి చేయాల్సి వస్తే ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లు ఏం చేయాలి? ఈ టెన్షన్ నాకు ఇప్పటికీ ఉంది.

డబ్బాకి సరిపోయే మినీ యూపీఎస్‌లు బజార్లో దొరుకుతున్నాయి. అడాప్టర్ మీద 12 వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉంటుంది, దానికి తగ్గది కొనాలి. కొంటే సరిపోదు, కేబుల్ ఆపరేటర్ గదిలో ఉండే మెషీన్‌కి కూడా బ్యాటరీ ఉందో లేదో, ఉంటే ఎంతసేపు వస్తుందో అడగండి, అక్కడ ఆగిపోతే మన యూపీఎస్ ఉండీ లాభం లేదు. ఫిట్టింగ్‌కి వచ్చిన అబ్బాయి వెళ్లకముందే మెయిన్ స్విచ్ ఆపి, అమ్మ చేతే ఒక కాల్ చేయించండి. మొబైల్‌కి చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలని (2021 జనవరి 15 నుంచి ఉన్న రూలే ఇది) ఫోన్ పక్కన పెద్ద అక్షరాలతో రాసి అతికించండి. ప్లాన్ గడువు అయిపోతే ఫోన్ కూడా ఆగిపోతుందా, ఇన్‌కమింగ్ ఎన్నాళ్లు వస్తుంది అన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

ఇదంతా ఎవరి బాధ్యత వాళ్లదే అని వదిలేయడం అన్యాయం. బ్రిటన్‌లో సెల్ సిగ్నల్ లేక ల్యాండ్‌లైన్ మీదే ఆధారపడే ఇళ్లకి, కరెంటు పోయాక కనీసం 1 గంట ఎమర్జెన్సీ కాల్స్ వెళ్లే ఏర్పాటు కంపెనీయే ఉచితంగా ఇవ్వాలని నియమం పెట్టారు. తుఫాన్లు, వరదలు మనకి కొత్తా? కరెంటు పోతే ఫోన్ పని చేయదని కనెక్షన్ ఫారం మీదే తెలుగులో రాయించడం, పెద్దవాళ్ల ఇళ్లకి బ్యాటరీతో కలిపి ఇప్పించడం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేయించగల పనులే.

ఇంకో మాట. మొబైల్ నంబరు మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం 2011 నుంచి దేశమంతా ఉంది, ల్యాండ్‌లైన్‌కి మాత్రం లేదు. బంధువులందరికీ, బ్యాంకుకీ, డాక్టరుకీ ఇచ్చుకున్న నంబరు పోతుందన్న భయంతోనే చాలామంది బాగా లేని సర్వీసుని భరిస్తున్నారు. ఆ సౌకర్యం ల్యాండ్‌లైన్‌కీ తీసుకురావాలి.

– ఒక పాఠకుడు, బాపట్ల