ఓనిర్ స్క్రిప్టు మరోసారి చదవండి

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

2022 జనవరిలో హిందీ సినిమా దర్శకుడు ఓనిర్ స్క్రిప్టుకు మీ శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఇవ్వలేదు. తాను గే అని సైన్యం వదిలి వచ్చేసిన ఒక మేజర్ జీవితం ఆ కథకు స్ఫూర్తి. సుప్రీంకోర్టు 2018లోనే స్వలింగ సంబంధం నేరం కాదని తేల్చింది. సైనిక నిబంధనలు మార్చమని అడగట్లేదు, అది వేరే చర్చ. కథ చెప్పుకోనివ్వమంటున్నాను.

ఓనిర్ కొత్తవాడేం కాదు. 2005లో ‘మై బ్రదర్ నిఖిల్’ తీశారు. గోవా ఈత ఛాంపియన్ నిఖిల్‌కు హెచ్‌ఐవీ అని తెలియగానే పూల్‌లో ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే గట్టెక్కేస్తారు, అతనొక్కడే నీళ్లలో మిగులుతాడు. ఎవరూ నోరెత్తి తిట్టరు, అయినా చూస్తుంటే కడుపులో దేవినట్టుంటుంది. తర్వాత ‘ఐ యామ్’కు పెద్ద నిర్మాత లేడు. వందలాది మంది తలా కొంత వేసుకున్నారు. గేలను బెదిరించి డబ్బు గుంజే పోలీసును చూపించిన ఆ సినిమాకే ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు ఇచ్చారు. ఇచ్చిందీ కేంద్ర ప్రభుత్వమే సుమండీ!

స్క్రిప్టు మళ్లీ తెప్పించుకుని చదివించండి. కుదరదంటే ఏ సీను, ఏ డైలాగు అభ్యంతరమో రాతపూర్వకంగా చెప్పించండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక ప్రేక్షకుడు