కనీస వెర్షన్‌ను పరీక్షించాకే ప్రకటించాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల్లో వాడుకునే లైబ్రరీలకు (ఇతరులు రాసిపెట్టిన సిద్ధమైన కోడ్‌కు) ‘ఫలానా వెర్షన్ గానీ అంతకన్నా కొత్తది గానీ ఉండాలి’ అని రాసిపెట్టడం అందరికీ అలవాటే. కానీ అలా రాసిన వెర్షన్‌తో ప్రోగ్రాం నిజంగా నడుస్తుందో లేదో పరీక్షించేవారు తక్కువ. ఈ అశ్రద్ధ వల్ల వాడుకరులు పడే ఇబ్బందిని ప్రోగ్రాములు రాసే మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజున ఒక లైబ్రరీకి కనీస వెర్షన్ 2.1 అని రాశారనుకుందాం. పైథాన్ భాషలోని పిప్ వంటి, లైబ్రరీలను తెచ్చిపెట్టే ప్యాకేజీ మేనేజర్లు, కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు, విధించిన హద్దుల్లో దొరికే అన్నిటికన్నా కొత్త వెర్షన్‌నే తెచ్చిపెడతాయి కాబట్టి డెవలపర్ల కంప్యూటర్లలో సాధారణంగా తాజా వెర్షనే ఉంటుంది. కొంతకాలానికి ఎవరో 2.6లో వచ్చిన ఒక ఫంక్షన్‌ను వాడతారు, టెస్టులన్నీ పాసవుతాయి, ఫైల్‌లో 2.1 మాత్రం అలాగే ఉండిపోతుంది. పాత వెర్షన్ ఉన్న వాడుకరి దగ్గర ఇన్‌స్టాలేషన్ ఏ ఆటంకమూ లేకుండా ముగిసి, ఆ ఫంక్షన్ అవసరమైన చోటికి రాగానే ప్రోగ్రాం ఆగిపోతుంది. ‘ఈ వెర్షన్ చాలదు’ అని ముందే చెప్పవలసిన నంబరు తన పని చేయలేదన్నమాట.

గో భాషలో పద్ధతి వేరు. అక్కడ ప్రతి మాడ్యూలూ (కోడ్ ప్యాకేజీ) తనకు కావలసిన లైబ్రరీ కనీస వెర్షన్‌ను పేర్కొంటే, బిల్డ్‌లో (ప్రోగ్రాంను తయారుచేసేటప్పుడు) ఆ కనీసాల్లో పెద్దదాన్ని తీసుకుంటారే తప్ప అంతకన్నా కొత్తది విడుదలైందని దాన్ని తెచ్చుకోరు. నాకు ఈ పద్ధతే సబబుగా తోస్తుంది. ఇతర భాషలవారికీ దారి లేకపోలేదు: పైథాన్‌లో యూవీ అనే సాధనం అనుమతించినవాటిలో అతి పాత వెర్షన్లను ఎంచుకోగలదు, సీ భాషలో జీలిబ్ అనే లైబ్రరీ, మనం నిర్దేశించిన వెర్షన్ తర్వాత వచ్చిన ఫంక్షన్‌ను వాడితే కంపైల్ దశలోనే, అంటే ప్రోగ్రాం నడవకముందే, హెచ్చరించే మాక్రోలను ఇస్తోంది. తాజా వెర్షన్లతో పాటు కనీస వెర్షన్లతోనూ టెస్టులు నడపడం పెద్ద ఖర్చేమీ కాదు.

కారణం లేకుండా కనీస వెర్షన్‌ను పెంచుతూ పోవడం కూడా అంతే తప్పు. భద్రత పేరుతో పెంచేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. 2014 ఏప్రిల్‌లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపాన్ని, ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ అయిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.0.1జీ వెర్షన్‌లో సరిదిద్దారు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకటైన డెబియన్ మాత్రం అప్పటి తన స్థిర విడుదలలో అంతకు ముందటి 1.0.1ఈ వెర్షన్‌నే ఉంచి, అందులోనే ఆ సవరణను చేర్చింది. 1.0.1జీ ఉంటే తప్ప నడవనని మొరాయించే ప్రోగ్రాం, లోపం తొలగిపోయిన ఆ కంప్యూటర్లను కూడా తిరస్కరించినట్టే. లైబ్రరీలను తన వెంటే తెచ్చుకునే అప్లికేషన్ సంగతి వేరు. 2021 డిసెంబరులో జావా ప్రోగ్రాముల్లో లాగ్‌లు నమోదు చేసే లాగ్‌ఫర్‌జే లైబ్రరీలోని లోపానికి 2.15.0తో ఇచ్చిన సవరణ చాలక 2.16.0 విడుదల చేయవలసి వచ్చినప్పుడు, వెంటనే మారే బాధ్యత అటువంటి అప్లికేషన్లదే.

అందువల్ల కనీస వెర్షన్‌ను మార్చిన ప్రతిసారీ, ఏ ఫంక్షన్ కోసం లేదా ఏ లోపం కారణంగా మార్చారో ఆ మార్పుతో పాటే రాసిపెట్టాలని, తదుపరి రిలీజ్‌కు ముందు ఒక్కసారైనా ప్రకటించిన కనీస వెర్షన్లతో టెస్టులు నడిపి, నిలవని నంబర్లను సరిచేయాలని ప్రాజెక్టు నిర్వాహకులను కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు