ఆఖరి రన్నర్ దాటేదాకా నీళ్ళ టేబుల్ ఎత్తొద్దు

సంపాదకులు గారికి నమస్కారం,

మీ జిల్లా పేజీల ఈ మధ్య ఎప్పుడు చూసినా ఏదో ఒక రన్ ఫోటో ఉంటున్నది, 5కె అని, 10కె అని, డ్రగ్స్ వద్దని ఒకటి, ఓటు వెయ్యాలని ఇంకోటి, జెండా ఊపుతున్న పెద్దలు, కప్పు పట్టుకున్న పిల్లలు. చూస్తే నిజంగ సంతోషమైతది. మా చిన్నప్పుడు నల్లగొండల ఆడోళ్ళు బూట్లేసుకుని రోడ్డు మీద ఉరుకుడు అనేదే లేకుండె. ఆ ఫోటోల ఎప్పుడూ పడనోళ్ళ గురించి, అంటే ఆఖర్ల వచ్చేటోళ్ళ గురించి రాద్దామని కూర్చున్న. కొంచెం పెద్దగైతది, దయచేసి కోసెయ్యకుండ వెయ్యండి.

నేను ఇక్కడ టీచర్ని, నలభై దాటినయి. పొద్దుగాల పానగల్ దిక్కు ఉదయ సముద్రం కట్ట మీద ఉరుకుత, వానాకాలం కట్ట మీద బురదుంటే ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌కు పోత. అక్కడ కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే పిల్లలుంటరు. 2022 నోటిఫికేషన్ల మొగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు పెట్టిండ్రు, అందుకే చెమటలు కక్కుకుంట రౌండ్లు కొడ్తుంటరు. ఊపిరి ఎట్ల తీయాలె, అడుగు ఎంత పెద్దగెయ్యాలె అని ఆ పిల్లలే నాకు నేర్పిండ్రు, మేడమ్ మేడమ్ అనుకుంటనే గట్టిగ కేకలేస్తరు, వాళ్ళ వల్లనే ఫుల్ మారథాన్ అనే ధైర్యం వచ్చింది. ఫుల్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఇక్కడ క్లాక్ టవర్ సెంటర్ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు అనుకుంటే దాంట్ల ఇంచుమించు సగం, కాళ్ళ మీద.

హైదరాబాద్‌ల ఒక ఫుల్ మారథాన్‌కు పేరిచ్చిన. ఐదు గంటల లోపల పూర్తి చెయ్యాలని నా లెక్క, వాళ్ళు కాయితం మీద రాసిన కటాఫ్, అంటే పూర్తి చేసేటందుకు ఆఖరి గడువు, ఆరున్నర గంటలు. పొద్దున ఐదింటికి జెండా ఊపిండ్రు. మబ్బు పట్టి ఉండె కాని గాలన్నది లేదు, ఒకటే ఉక్కపోత, పది కిలోమీటర్లకే టీషర్ట్ పిండితే నీళ్ళు కారేటట్టున్నది. సగం దాక అనుకున్న టైంకే ఉరికిన, ఐదు గంటల పేసర్, అంటే సరిగ్గ ఆ టైంకు పూర్తయ్యేటట్టు జెండా పట్టుకుని ముంగట ఉరికేటోడు, ఆయన జెండా నా ముంగట్నే కనవడ్తున్నది. ఇరవై ఐదు దాటినంక మబ్బు ఇచ్చుకపోయి ఎండ వచ్చింది, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే సిమెంట్ సెగ కిందికెళ్ళి కొడ్తున్నది, పేసర్ జెండా కొద్దికొద్దిగ చిన్నగై ఇగ కనవడలే. అప్పుడే తెలిసింది టైం పోయిందని. ఎన్నో నెలలు పొద్దుగాల లేచి, ఇంట్ల వంట చేసి, బడికి పోయి, మళ్ళ ఆదివారం లాంగ్ రన్ అని అందరి నిద్ర చెడగొట్టి చేసిన పని అట్ల చేతులకెళ్ళి జారిపోతుంటే కండ్లల్ల నీళ్ళొచ్చినయి, ఆగలేదు, ఏడ్సుకుంటనే ఉరికిన.

ఆ బాధ నాది, దానికి ఎవ్వరినీ అనను. మారథాన్ల అట్ల అయితదని ఉరికేటోళ్ళందరికీ తెలుసు. మన ఒంట్ల, కండల్ల, కాలేయంల దాచిపెట్టుకున్న చక్కెర శక్తి మామూలుగ 30, 32 కిలోమీటర్ల దాకనే వస్తది, అది అయిపోతే కాళ్ళు మనవి కావు. గోడకు గుద్దుకున్నట్టు అంటరు, నాకు ఆ రోజు అదే అయింది. నేను రాసేది దాని తర్వాత జరిగిన దాని గురించి.

ముప్పై దాటినంక నీళ్ళ టేబుల్ దగ్గరికి పోతే టేబుల్ మడతేస్తున్నరు. కాలేజీ పిల్లగాడు ఒకడు, ఇరవై లీటర్ల క్యాన్ల ఇంకా నాలుగు వేళ్ళంత నీళ్ళున్నయి, డీసీఎంల ఎక్కియ్యాలె బరువైతదని వాటిని రోడ్డు మీద వంపుతున్నడు. బాబూ ఆగు అని ఉరికి దోసిలి పట్టిన. పాపం వాని తప్పేం లేదు, పది గంటలకు సామాను ఎత్తాలె అని చెప్పిండ్రట, రాత్రి మూడింటి నుంచి నిలబడ్డడట. దోసిలిల ఎంత పట్టిందో అంతే తాగిన. గ్లాసులు లేవు, ఎలెక్ట్రాల్ లేదు, అరటిపండ్ల డబ్బాల తొక్కలున్నయి. దాని తర్వాతి టేబుల్ అసలుకే లేదు, తడి రోడ్డు, చుట్టూ తొక్కిన పేపర్ కప్పులు. ట్రాఫిక్ వదిలేసిండ్రు, బస్సుల మధ్యల నడవాల్సి వచ్చింది, ఒక సారు బండి ఆపి ఫుట్‌పాత్ మీదికెక్కు అమ్మా అన్నడు. నా ఎనక ఇంకా మనుషులున్నరు, ఒక పెద్దాయన, అరవై ఉంటయి, ఇద్దరు ఆడపిల్లలు. మేమందరం కటాఫ్ లోపలనే ఉన్నం. అందరం ఒకటే ఫీజు కట్టినం.

పిక్కలు రాళ్ళ లెక్క పట్టేసినయి, కండ్లు బైర్లు కమ్మినయి. టీ బండి నడిపే ఒకామె చూసి, ఏమైంది బిడ్డా మొఖం గట్ల పాలిపోయింది అని స్టూల్ ఏసి కూర్చోబెట్టింది. గ్లాసు నీళ్ళల్ల చక్కెర ఏసి, ఆమ్లెట్ కోసం పెట్టుకున్న ఉప్పు డబ్బాలకెళ్ళి చిటికెడు తీసి ఏసి, చెంచతోటి కలిపి ఇచ్చింది. మెల్లమెల్లగ తాగు, గటగట తాగకు అన్నది. పైసలిస్తనంటే తీసుకోలే, నా దగ్గర అప్పుడు లేకుండె కూడ. ఆ గ్లాసు నీళ్ళతోటే మిగిలిన దూరం పోయిన, కొంత ఉరికి కొంత నడిచి. ఫినిష్ దగ్గరికి పోతే గేటు తీసేస్తున్నరు, మెడల్స్ అయిపోయినయి అడ్రస్ రాసి పొమ్మన్నరు. అంబులెన్స్ ఎటువోయిందో తెల్వదు. మెడల్ సంగతి వదిలేస్త, నాకు భయమైంది ఆ పెద్దాయన గురించి.

ఇది తమాషా విషయం కాదు సార్. ముంగట ఉరికేటోళ్ళకు, ఎనక ఉరికేటోళ్ళకు ఒకటే దూరం కాని ఒకటే ఎండ కాదు. 2023ల చికాగో మారథాన్‌ను కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టుమ్ 2 గంటల 35 సెకన్లల్ల పూర్తి చేసిండు. అంత వేగం ఉన్నోడు మన దగ్గర ఐదింటికి మొదలుపెడితే ఏడు కొట్టగానే ఇంటికి పోతడు. నా అసొంటోళ్ళం పదకొండు దాక రోడ్డు మీద ఉంటం. ఎక్కువ చెమట పోయేది మాకే, ఎక్కువ ఎండ తగిలేది మాకే, నీళ్ళ టేబుళ్ళు ఎత్తేసేది కూడ మేము వచ్చే టైంకే.

ఉత్త నీళ్ళు పెడితే సరిపోదు, ఉప్పు కూడ కావాలె. 2002 బోస్టన్ మారథాన్‌ల పూర్తి చేసినోళ్ళల్ల 488 మందికి రక్తం పరీక్ష చేస్తే 13 శాతం మందికి సోడియం ఉండాల్సిన దానికంటే తక్కువ తేలింది, నాలుగు గంటలు దాటినోళ్ళల్ల అది ఎక్కువ కనబడ్డది, దార్ల మస్తు తాగి బరువు పెరిగి వచ్చినోళ్ళల్ల ఇంకా ఎక్కువ. చెమటల ఉప్పు పోతది, పైనుంచి గటగట నీళ్ళు తాగితే ఉన్న ఉప్పు పల్చబడ్తది, తల తిరుగుడు, వాంతులు, బాగ ముదిరితే ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొస్తది. ఆ టీ బండి అవ్వ మెల్లగ తాగు అన్నది ఏ పుస్తకం చదివి అన్నదో కాని డాక్టర్లు చెప్పేది కూడ అదే.

1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌ల మొదటిసారి ఆడోళ్ళకు మారథాన్ పెట్టిండ్రు. జోన్ బెనాయిట్ గెలిచింది, బంగారు పతకం ఆమెదే. కాని నాకు ఎప్పుడూ యాదికొచ్చేది స్విట్జర్లాండ్ తరఫున ఉరికిన గాబ్రియెలా ఆండర్సన్ షీస్. దార్ల ఐదు నీళ్ళ స్టేషన్లుంటే ఆఖరిది ఆమెకు తప్పిపోయింది. గంతే. స్టేడియంలకు వచ్చేసరికి ఒళ్ళు ఒక పక్కకు ఒరిగింది, ఎడమ చెయ్యి వేలాడుతున్నది, కాలు ఈడ్సుకుంట ఆఖరి 400 మీటర్లు 5 నిమిషాల 44 సెకన్లు నడిచింది. డాక్టర్లు పక్కనే నడుస్తున్నరు కాని ముట్టుకుంటే ఆమెను పోటీలకెళ్ళి తీసేస్తరు, అప్పటి రూల్ అది. చెమట ఇంకా పడ్తున్నదని చూసి, ప్రాణానికి భయం లేదనుకుని వదిలిపెట్టిండ్రు. 44 మంది పూర్తి చేస్తే ఆమె 37వది. తర్వాత రూల్ మార్చిండ్రు, డాక్టర్ ముట్టుకుని చూసినా ఇప్పుడు రన్నర్‌ను తీసెయ్యరు. ఒలింపిక్స్‌ల ఉరికే మనిషికే ఒక్క నీళ్ళ టేబుల్ తప్పితే అట్ల అయితే, బడి పంతులమ్మలు, బ్యాంకుల పనిచేసేటోళ్ళు, రిటైరైన పెద్దమనుషులు ఉరికే రన్‌ల వరుసగ రెండు మూడు టేబుళ్ళు లేకపోతే ఏమైతదో ఆలోచించండి. 2007ల చికాగో మారథాన్ రోజు ఎండలు అడ్డగోలుగ కొడితే, నీళ్ళు దొరకలేదని రన్నర్లు మొత్తుకుంటే, నడుమల్నే రేసు ఆపేసిండ్రు. అంత పెద్ద ఊర్లనే అట్లయింది.

ఇగ మన జిల్లా సంగతి. నీళ్ళ విలువ నల్లగొండోళ్ళకు ఎవ్వరూ చెప్పాల్సిన పని లేదు. మా పెద్దమ్మది మర్రిగూడ దిక్కు, ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి మోకాళ్ళు వంగిపోయినయి, మంచం మీదికెళ్ళి గడప దాక రావాలంటే గోడ పట్టుకోవాలె. నేను ఉరుకుతున్న అని చెప్తే నా పిక్కలు పట్టి చూసి, ఉరుకు బిడ్డా, కాళ్ళున్నప్పుడే ఉరకాలె అన్నది. నీళ్ళల్ల ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతోటి తీసే పద్ధతికి ప్రపంచమంతా మన ఊరి పేరు మీదనే నల్లగొండ టెక్నిక్ అంటరు. అసొంటి ఊర్ల రన్ పెట్టి నీళ్ళు అందలేదనే మాట రావొద్దు.

రన్‌లు పెట్టేటోళ్ళకు నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. రాసిన కటాఫ్ అయ్యేదాక, ఆఖరి మనిషి ఎనక వచ్చే బండి దాటేదాక ఏ టేబుల్ ఎత్తొద్దు. పోలీసులు అంతసేపు రోడ్డు ఇయ్యకపోతే కటాఫ్ ఐదు గంటలని ముందే రాయండి, ఆ ప్రకారమే ఫీజు తీసుకోండి, టైం దాటినోళ్ళను ఎక్కించుకునేటందుకు బస్సు పెట్టండి, ఎవ్వరం ఏమనం. 5 కిలోమీటర్ల దగ్గర, 10 కిలోమీటర్ల దగ్గర ఉన్న సామాను ఆఖరి మనిషి దాటంగనే ఖాళీ అయితది కదా, దాన్ని గోదాంకు పంపకుండ 32, 35, 38 కిలోమీటర్ల దగ్గరికి తోలియ్యండి. పొద్దున నిలబడ్డ పిల్లలను ఇంటికి పంపి వేరేటోళ్ళను దించండి, పాపం వాళ్ళు మాత్రం ఎంతసేపని నిలబడ్తరు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దొరకకపోతే లీటర్ నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచ ఉప్పు, ఆశా వర్కర్లు ఇంటింటికి చెప్పే లెక్కనే. మనది బత్తాయి తోటల జిల్లా, ఉప్పు చల్లిన బత్తాయి ముక్కలు, ఉప్పేసిన మజ్జిగ పెడితే దేశంల ఎక్కడ లేనంత మంచిగుంటది, రైతుకు నాలుగు పైసలొస్తయి.

మీకు కూడ ఒక మాట. గెలిచినోళ్ళ ఫోటో తప్పకుండ వెయ్యండి, అది వాళ్ళ కష్టం. దాని కింద ఎంతమంది ఉరికిండ్రు, ఎంతమంది పూర్తి చేసిండ్రు, ఆఖరి మనిషి ఏ టైంకు వచ్చిండు, అప్పటిదాక నీళ్ళున్నయా లేవా అని ఒక్క రెండు లైన్లు వేసేటట్టు మీ రిపోర్టర్లకు చెప్పండి. పేపర్ల వస్తదని తెలిస్తే టేబుళ్ళు వాటంతట అవే ఉంటయి.

ఈసారి నల్లగొండల కాని, మిర్యాలగూడ, సూర్యాపేట దిక్కు కాని ఎవరు పెద్ద రన్ పెట్టినా ఆఖరి నీళ్ళ టేబుల్ మాకు అప్పజెప్పండి. కట్ట మీద నడిచే ఆడోళ్ళందరితోటి మాట్లాడిన, వస్తమన్నరు. చక్కెర, ఉప్పు, బత్తాయిలు మేమే తెచ్చుకుంటం, క్యాన్లు ఒక్కటి మీరు ఇప్పియ్యండి చాలు.

ఇట్లు,
ఒక టీచర్,
నల్లగొండ