కాగితం మీది నుంచి కళ్లెత్తి

చిన్నా,

మొన్న నువ్వు వెళ్లిపోయాక అమ్మమ్మ చాలాసేపు ఆ రిపోర్టు కవరు చేతిలో పెట్టుకునే కూర్చుంది. దాని అంచు మడవడం, విప్పడం, మళ్లీ మడవడం. కిడ్నీలు ఎంత దెబ్బతిన్నాయో, ఇకమీదట ఏం జరగవచ్చో పాఠం అప్పజెప్పినట్టు చెప్పావు. ఒక్క మాట తప్పు లేదు. కాగితం మీది నుంచి కళ్లు మాత్రం ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమె మొహం కనిపించేది.

నువ్వు డాక్టరువి అవుతున్నావంటే నాకెంత గర్వమో నీకు తెలుసు. అందుకే ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని టస్కీగీలో 1932లో మొదలైన అధ్యయనం గురించి మీరు చదివే ఉంటారు. సుమారు 600 మంది నల్లజాతి పురుషులు. వారిలో 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి. జబ్బు పేరు దాచి, మీది ‘చెడు రక్తం’ అని చెప్పారు. వెన్నులోంచి నీరు తీస్తూ అదే ప్రత్యేక చికిత్స అని నమ్మించారు. 1940లలో పెన్సిలిన్‌తో ఆ జబ్బు నయమవుతుందని తేలింది. అయినా ఇవ్వలేదు. మందు అందని మనిషి చివరికి ఏమవుతాడో చూడాలన్నదే వాళ్ల పట్టుదల. ఇలా 40 ఏళ్లు! చేసినవాళ్లు పెద్ద చదువులు చదివిన ప్రభుత్వ వైద్యులు. రహస్యంగానూ చేయలేదు, వైద్య పత్రికల్లో వ్యాసాలు అచ్చువేయించుకున్నారు.

ఇది తప్పని 1966లో పై అధికారులకు రాసిన పీటర్ బక్స్‌టన్ డాక్టరు కాడు. ఆ అధ్యయనం చేసిన ప్రభుత్వ ఆరోగ్య శాఖలోనే రోగులతో మాట్లాడి వివరాలు రాసుకునే ఉద్యోగి. ఆయన మాట ఎవరూ వినలేదు. 1972లో సంగతి పత్రికలకెక్కాకే అది ఆగింది. అంతమంది వైద్యులకు తట్టనిది ఆయనకెలా తట్టింది? రోజూ మనుషులకు ఎదురుగా కూర్చుని వాళ్ల మాట వినడమే ఆయన పని కాబట్టేమో అనిపిస్తుంది నాకు.

ప్రతి రోగి దగ్గరా కన్నీళ్లు పెట్టుకోమనడం లేదురా. చెయ్యి వణికితే సూది వెయ్యలేవు. అసలు ఆ రోజు నీకే భయం వేసి అంకెల చాటుకు వెళ్లావేమో. చిన్నప్పటి నుంచి నిన్ను ఎత్తుకు తిరిగిన మనిషి కదా. అదే అయితే నాతో చెప్పు, లోపల కుక్కుకోకు.

ఆదివారం ఆమెకు ఫోను చెయ్యి. మొదటి నుంచి మళ్లీ చెప్పు, నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ. ఆ రోజే ఏదో అడగాలనుకుందట, ఈలోగా నువ్వు లేచి వెళ్లిపోయావు. ఏమిటని నేను అడిగితే చెప్పలేదు. నిన్నే అడుగుతుందట.

అమ్మ