పాత ముఖానికే ఓటెందుకు పడ్తది

హనుమకొండ,
ఆదివారం పొద్దున

అరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలల్ల మూడు పేజీలు జనాన్ని తిట్టుడే ఉన్నది. చదువుకున్న పిలగాడు, మచ్చ లేనోడు నిలబడితే ఎవ్వడూ దేకడు, ఇరవై ఏండ్ల సంది తింటున్నోనికే మళ్ల గుద్దుతరు అని. కొత్తొక వింత, పాతొక రోత అని మనోళ్ల సామెత. బట్టల కాడ, సెల్‌ఫోన్ల కాడ అది నడుస్తది గాని ఓటు కాడికి వచ్చేసరికి తిరగబడ్తది. ఎందుకో నాకు తెలిసిన కాడికి రాస్తున్న, జర ఓపికతోని సదువు.

పాతాయన మంచోడని ఎవ్వరూ ఓటెయ్యరు. తింటడని ఊరందరికీ ఎరుకే. ఏ పనిల ఎంత తింటడు, ఎవరిని పట్టుకుంటె పని అయితది, ఎన్ని రోజులు తిప్పుతడు, అది గూడ ఎరుకే. అంటె జనం చేతిల ఒక లెక్క ఉన్నది. కొత్తాయన గురించి "మంచోడు" అన్న ఒక్క మాట తప్ప ఇంకేం లేదు. మంచోడైతె ఏం చేస్తడు? రాత్రి పదింటికి ఫోన్ ఎత్తుతడా? ఎస్సైకి ఈయన మాట మీద గౌరవం ఉంటదా? ఏం తెల్వదు.

యాసంగిల ట్రాన్స్‌ఫార్మర్ సంగతే తీస్కో. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హెచ్‌పీ మోటార్లు నాలుగైదు నడవాలె. మనోళ్లు ఎనిమిది, తొమ్మిది తగిలిస్తరు. కరెంటు పొయ్యి వచ్చిందనుకో, ఆటో స్టార్టర్లు ఉన్న మోటార్లన్నీ ఒక్కసారే లేస్తయి. ఎర్తింగ్ గుంతల నీళ్లు పోసినోడు లేడు, ఆయిలు సగానికి దిగిపొయి ఉంటది, ఇగ కాయిల్ కాలుతది. వరి పొట్ట మీద ఉన్న టైముల ఇది జరిగితె నాలుగు రోజులకే మడి నెర్రెలు వాస్తది. రూలు ప్రకారం ఊర్లల్ల 48 గంటలల్ల మార్చాలె, 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీస్కోవాలె. కాయితం మీద అంతే. జరిగేది ఏందంటె, లైన్‌మన్ "ట్రాక్టరు మీరే పెట్టుకొని షెడ్డుకు తీస్కపోండ్రి" అంటడు, షెడ్డుల "మీ ముందు పన్నెండు ఉన్నయి" అంటరు. రైతులు తలా కొన్ని పైసలు ఏసుకొని ట్రాక్టరు కట్టుకొని పోతరు.

ఇగ్గో, ఇక్కడ పాతాయనకు కొత్తాయనకు తేడా తెలుస్తది. కరెంటు కంపెనీ ఎన్పీడీసీఎల్ పెద్దాఫీసు మన హనుమకొండలనే ఉన్నది. కొత్తాయన సీదా ఆడికి పొయి పెద్ద సారు సీఎండీకి వినతిపత్రం ఇచ్చి, ఫొటో దిగి, ఫేస్‌బుక్కుల పెడ్తడు. ఆ కాయితం పైనుంచి కిందికి దిగి మన సెక్షన్ ఇంజినీరు ఏఈ బల్ల మీదికి వచ్చేసరికి వారం, వచ్చినంక గూడ ఏఈకి తన మీద చాడీ చెప్పినట్టే అనిపిస్తది. పాతాయన అట్ల చెయ్యడు. ఏ సెక్షన్ల రోలింగ్ స్టాక్ కింద, అంటె కాలినదాని జాగల పెట్టనీకని, ఖాళీ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నదో ఆయనకు తెలుసు. ఏఈ మీది ఆఫీసరు ఏడీఈకి ఒక్క ఫోన్ కొట్టి "ఫలాన సబ్‌స్టేషన్ కాడ ఒకటున్నదట గదా, ఇయ్యాల దీనికి ఎక్కియ్యి, కాలింది రిపేరై వచ్చినంక ఆడ పెట్టుకో" అంటడు. సాయంత్రానికి మోటరు పోస్తది. ఆ ఎనిమిది మంది రైతుల ఇండ్లల్ల ఉన్న ఓట్లు ఎటు పోతయో ఇగ నువ్వే చెప్పు. ఆయన రోడ్డు పనుల కమీషన్ తిన్నడని వాళ్లకు తెల్వక గాదు.

దవాఖాన ఖర్చుల కాడ గూడ ఇదే కథ. ముఖ్యమంత్రి సహాయనిధి దరఖాస్తు ఇప్పుడు ఆన్‌లైన్ అయింది గాని, ప్రజాప్రతినిధి సిఫారసు లెటరు ఉండాల్సిందే, అసలు బిల్లులు ఇయ్యాల్సిందే. ఆరోగ్యశ్రీ కింద అయిన వైద్యానికి ఇది రాదు. బిల్లు మీద పేరు ఒక తీరు, ఆధార్ల ఇంకో తీరు ఉంటె ఆగుతది. బ్యాంకు ఖాతా నంబరుల ఒక్క అంకె తప్పు పడ్డా ఆగుతది. డిశ్చార్జి సమ్మరీ పెట్టకుంటె వాపస్ వస్తది. పాతాయన క్యాంపు ఆఫీసుల కూసునే పీఏ ఇట్లాంటివి వేలల్ల చూసి ఉంటడు. కాయితాల కట్ట చేతిల పెట్టంగనే అటు ఇటు తిప్పి "ఫార్మసీ బిల్లు మీద ముద్ర లేదు, పోయి ఏపిచ్చుకరా" అని అప్పుడే తిప్పి పంపుతడు. అది తిట్టినట్టే ఉంటది గాని ఇంకో మూడు నెలల తిరుగుడు తప్పిస్తది.

ఆయన తప్పు గూడ అక్కడ్నే ఉన్నది, దాచుడేమున్నది. చెక్కులు వచ్చినంక అందర్ని ఒక్క దినం కూడగొట్టి, టెంటు ఏసి, దండలు ఏయించుకొని, ఫొటో దిగి పంచాలె అంటడు. ఆ దినం ఎప్పుడొస్తదో తెల్వదు. చెక్కు మీద తారీకు నుంచి 3 నెలలు దాటితె బ్యాంకు తీస్కోదు. ఫంక్షన్ కోసం ఆపిన చెక్కు మురిగితె మళ్ల రాయించుకునుడు ఇంకో తిరుగుడు. ఎవరిదైనా చెక్కు వచ్చిందని తెలిస్తె ఫంక్షన్ దాక ఆగొద్దు, ముందు తారీకు అడగమని చెప్పు. రెండు నెలలు దాటిందంటె పీఏ మీద ఒత్తిడి పెట్టి తెచ్చుకునుడే.

ఇగ నువ్వు చెప్పిన పిలగాని సంగతి. ఇండిపెండెంట్‌గ నిలబడ్తనంటున్నడని రాసినవ్ గదా. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ప్రతిపాదించెటోడు ఒక్కడు సాలు. ఇండిపెండెంట్‌కు 10 మంది కావాలె, పది మందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలె. వాళ్ల పార్టు నంబరు, సీరియల్ నంబరు తాజా జాబితాల చూసే రాయాలె. పాత జాబితా చూసి రాస్తె అక్కడ్నే దొరికిపోతరు. అసెంబ్లీకి డిపాజిట్ 10,000, ఎస్సీ ఎస్టీలకు 5,000. చెల్లిన ఓట్లల్ల ఆరో వంతు దాటకుంటె అది గల్లంతు. లక్షా ఎనభై వేల ఓట్లు పోలైతె 30 వేలు దాటాలన్న మాట. నామినేషన్ ఏసే ముందు రోజుకైనా ఎన్నికల ఖర్చు కోసమని వేరే బ్యాంకు ఖాతా తెరవాలె. ఆస్తులు, కేసులు రాసిచ్చే అఫిడవిట్ల ఒక్క గడి గూడ ఖాళీ విడవొద్దు, ఏం లేకపోతె "లేదు" అని రాయాలె. ఖాళీ విడిస్తె నోటీసు ఇస్తరు, పరిశీలన టైముకు సరిచెయ్యకుంటె నామినేషన్ కొట్టేస్తరు. అసెంబ్లీ ఖర్చు పరిమితి 40 లక్షలు. ఓడినా గెలిచినా ఫలితం వచ్చిన 30 రోజులల్ల లెక్కలు అప్పజెప్పాలె. ఎట్లనో ఓడినం గదా అని ఊకుంటె మూడేండ్లు పోటీకి అనర్హుడైతడు. కొత్తోళ్లు మస్తు మంది ఈ కాడనే బోర్ల పడ్తరు.

గుర్తు సంగతి ఇంకా ఘోరం. మొన్న 2023ల ఉపసంహరణ గడువు నవంబర్ 15న అయిపోయింది, పోలింగ్ 30న. ప్రచారం 28 సాయంత్రమే బందు. అంటె ఇండిపెండెంట్ చేతికి గుర్తు వచ్చినంక దొరికింది 13 రోజులు. ఆ పదమూడు రోజులల్ల ఎన్ని ఊర్లు తిరిగి "నాది ఫలాన గుర్తు" అని చెప్తడు? మిషన్ మీద గూడ గుర్తింపు ఉన్న పార్టీలోళ్లే ముందు వరుస, ఇండిపెండెంట్లు ఆఖరుకు. కొందరికి మాత్రం గుర్తే కలిసొస్తది. రోడ్డు రోలర్, చపాతీ కర్ర కారు లెక్కనే కొడ్తున్నయని టీఆర్ఎస్ వాళ్లు ఎన్నికల సంఘానికి మొర పెట్టుకున్నరు గదా. మనిషిని చూడకుండ బొమ్మను చూసి పడే ఓట్లు అవి.

2019ల నిజామాబాద్ యాదికి తెచ్చుకో. పసుపు బోర్డు కోసం, మద్దతు ధర కోసం రైతులు 170 మందికి పైగ నామినేషన్లు ఏసిండ్రు, మొత్తం 185 మంది బరిల ఉన్నరు. ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద 16 గడులే పడ్తయి, నోటా కలిపి 186 కాబట్టి ప్రతి బూతుల 12 యూనిట్లు పెట్టాల్సి వచ్చింది. దేశమంతా వాళ్ల బాధ విన్నది. గెలిచింది మాత్రం మొదటిసారి నిలబడ్డ అర్వింద్. ముఖం కొత్తదే గాని డి. శ్రీనివాస్ కొడుకు, చేతిల పెద్ద పార్టీ గుర్తు. 2024ల మన వరంగల్ సీటుల కడియం శ్రీహరి బిడ్డ కావ్య గెలుపు గూడ అట్లాంటిదే, మొదటి ఎన్నికే, ఇంటి పేరు మాత్రం 1994 సంది ఓటర్లకు తెలిసిందే. మనోళ్లకు కొత్త అంటె కోపం లేదు బావా, ఆనవాలు లేని కొత్త అంటెనే భయం.

పాతోళ్లు ఓడరా అంటవు. ఎందుకు ఓడరు. పాలకుర్తిల ఎర్రబెల్లి దయాకర్‌రావు ఆరుసార్లు ఎమ్మెల్యే, మీదికెళ్లి మంత్రి, 2023ల 26 ఏండ్ల యశస్విని రెడ్డి చేతిల ఓడిండు. కొత్త పిల్లనే, ఒప్పుకుంట. అయితె ముందుగాల నిలబడాలనుకున్నది ఆమె అత్త ఝాన్సీ రెడ్డి, పౌరసత్వం చిక్కు వచ్చి కోడలు బరిలకు దిగింది. ఆ కుటుంబం పేరు మీద అక్కడ సేవా పనులు అంతకుముందే నడిచినయి, పైనుంచి ఆ ఏడు కాంగ్రెస్ గాలి. ఇంకా ఎనకకు పోతె 1984. పీవీ అంతటాయన హనుమకొండల ఓడిండు. దేశం మొత్తం మీద బీజేపీకి వచ్చిన రెండు సీట్లల్ల అదొకటి. ఓడగొట్టిన చందుపట్ల జంగారెడ్డి ఆకాశం నుంచి ఊడిపడ్డాయన గాదు, జనసంఘ్ రోజుల సంది ఈ పల్లెలల్ల తిరిగినాయన, అప్పటికే ఎమ్మెల్యే చేసినాయన. 1983ల ఎన్టీ రామారావు పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే రెండు వందలకు పైగ సీట్లు గెలిచిండు, అండ్ల మస్తు మంది కొత్తోళ్లు. వాళ్ల ముఖాలు ఎవరికీ తెల్వవు, పోస్టరు మీద ముఖం మాత్రం తెల్వనోడు లేడు.

నన్నడిగితె నీ పిలగానికి చెప్పాల్సిన పేరు సీతక్క. ములుగుల 2004ల ఓడింది, 2009ల గెలిచింది, 2014ల మళ్ల ఓడింది, 2018, 2023లల్ల గెలిచింది. నడుమ ఓడినప్పుడు నియోజకవర్గం ఇడిసి పోలే. 2020 లాక్‌డౌన్ల బియ్యం, కూరగాయలు మోసుకుంట వాగులు దాటి గూడేలకు నడిచింది. మన దగ్గర మొదటి ఎన్నిక గెలువనీకి గాదు, ముఖం చూపించనీకి. ఓడిన తెల్లారి ఫోన్ బందు పెట్టుకొని హైదరాబాద్ పోతె అయిదేండ్ల తర్వాత మళ్ల కొత్తోడే.

కాబట్టి వానికి నాలుగు పనులు చెప్పు. నియోజకవర్గంల సుమారు 300 బూతులు ఉంటయి. బూతుకు ఇద్దరంటె 600 మంది. పోలింగ్ దినం ఒక్కొక్కరికి తిండికి, పెట్రోలుకు 500 అనుకున్నా 3 లక్షలు అక్కడికే. పైసల కంటె మనుషులు దొరుకుడు కష్టం. పొద్దున ఏడింటికి పోలింగ్ అంటె అయిదున్నరకే మాక్ పోల్, కనీసం 50 ఓట్లు ఏసి చూపిస్తరు, అప్పుడు ఏజెంటు బూతుల ఉండాలె. సాయంత్రం, బూతుల పడ్డ ఓట్ల లెక్క రాసే 17సీ ఫారం కాపీ తీస్కోకుండ రావొద్దు, కౌంటింగ్ నాడు ఓట్ల లెక్క పోల్చుకునేది దాంతోనే. 300 బూతులల్ల వందకు ఏజెంట్లు లేకపోతె "వీనికి మనుషులే లేరు" అన్న మాట పొద్దున తొమ్మిదింటికే ఊరు తిరుగుతది, వేద్దామనుకున్నోళ్లు గూడ చెయ్యి మారుస్తరు. అందుకే ముందు అసెంబ్లీ వద్దు. వార్డు మెంబరో, ఎంపీటీసీయో, సొసైటీ డైరెక్టరో, ఏదో ఒకటి. వడ్లు కొనే సెంటర్ల తేమ 17 శాతం దాటిందని తిప్పి పంపిన రైతు పక్కన నిలబడనియ్యి. సావుకు పోవాలె, దినాలకు పోవాలె. పైసలు ఇయ్యకున్నా సరే, పేరు పెట్టి పిలవాలె. పాతాయన సగం ఓట్లు సావుల కాడనే కట్టుకుంటడు.

ఇంత చెప్పినంక నేను పాతోళ్ల దిక్కు అనుకోకు. పనిల పది శాతం తిన్నోన్ని ఊరు భరిస్తది, రోడ్డైతె పడ్తది గదా అనుకుంటది. భూమి మీద కన్నేసినోని సంగతి వేరు. అసైన్డు భూమి, చెరువు శికం, ముసలామె పాసుపుస్తకం, వీటి మీదికి పోయినోడు ఎంత పని చేసినా నేనైతె ఒప్పుకోను. పేకాట క్లబ్బులు నడిపిచ్చెటోడు, కేసు మాఫీ చేపిచ్చి అవతలోన్ని బెదిరిచ్చెటోడు గూడ అదే లెక్క. అందరిది ఒక్కటే మచ్చ గాదు.

అది పట్టుకునుడు గూడ పాతాయన విషయంలనే అలుక. ఎన్నికల సంఘం సైట్ల ఆయన అఫిడవిట్లు 2014ది, 2018ది, 2023ది దొరుకుతయి. మూడూ ప్రింటు తీసి స్థిరాస్తుల పేజీలు పక్కపక్కన పెట్టు. సర్వే నంబర్లు చూడు, కొన్న తారీకు చూడు, భార్య పేరు మీద, ఆధారపడ్డోళ్ల పేర్ల మీద కొత్తగ ఏం చేరిందో చూడు. 2023 అఫిడవిట్ల అయిదేండ్ల ఆదాయపు పన్ను రిటర్నుల ఆదాయం రాసి ఉంటది. ఆ ఆదాయంతోని ఆ భూమి కొనొచ్చునా అన్నది కూడికల లెక్కనే. కేసులుంటె సెక్షన్లు గూడ రాసి ఉంటయి. ధర్నా చేసిన కేసు వేరు, 420 వేరు. కొత్తాయనకు ఒక్క అఫిడవిట్టే ఉంటది, దేనితోని పోలుస్తవు?

బతుకమ్మకు ఎట్లాగు ఊరికి వస్తనంటివి గదా. పాతాయనవి మూడు, మీ పిలగాడు రాసుకున్న చిత్తు అఫిడవిట్ ఒకటి పట్టుకొని రా. వాన్ని గూడ తోల్కరా. పద్మాక్షి గుట్ట కింద కూసొని పేజీ పేజీ చూద్దాం. చిత్తుల ఖాళీ గడులు ఉంటె అక్కడ్నే నింపిద్దాం.

నీ దోస్తు