రోజుకొక మాట: దసరా సెలవులకు ముందు తల్లిదండ్రులకు ఒక లేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, ఇంట పిల్లలను కనిపెట్టుకుని ఉంటున్న అవ్వాతాతలకు నమస్కారములు.

పరీక్షల మార్కులు, సెలవుల తేదీలు, బస్సు వేళల మార్పులు ఈ వార్తాలేఖ చివరి పుటలో విడిగా ఇచ్చాము. ఈ మొదటి పుటను మాత్రం ఏడవ తరగతి పిల్లలు రెండు నెలలుగా తమంతట తామే నడుపుకుంటున్న, రోజూ తమ ఊరి మాట ఒకటి ఒకరికొకరు చెప్పుకునే ఒక అలవాటు గురించి మీకు చెప్పడానికి ఉంచుకున్నాను. సెలవులలో ఆ అలవాటు సాగడమైనా ఆగిపోవడమైనా మీ ఇళ్లలోనే జరుగుతుంది.

ఈ జూన్‌లో తండ్రి ఉద్యోగరీత్యా శ్రీకాకుళం జిల్లా నుంచి తిరుపతికి వచ్చి మా బడిలో చేరిన ఒక అమ్మాయి, జూలైలో ఒకనాడు అన్నం క్యారియర్ ఇంట్లో మరచిపోయింది. మధ్యాహ్నం ఆమె నాయనమ్మగారు దానిని తీసుకుని గేటు దగ్గరకు వచ్చి, "మా గుంట ఏదమ్మా?" అని అడిగారు. మా ఆయా పుట్టి పెరిగింది తిరుపతిలోనే, తాతయ్యగుంట దగ్గర. గుంట అంటే ఆమెకు తెలిసినది నీళ్లు నిలిచే పల్లమే. బడి వెనుక వాననీటి కోసం తవ్వించిన గుంటను గురించి అడుగుతున్నారనుకుని, "ఎండిపోయిందమ్మా, చుక్క నీళ్లు లేవు" అని ఎంతో మర్యాదగా జవాబు చెప్పారు. పిల్ల ఏదని అడిగితే ఎండిపోయిందన్న మాట వినబడేసరికి ఆ పెద్దావిడ గోడ పట్టుకుని నిలబడిపోయారు. ఉత్తరాంధ్రలో గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లవాడు అని నేను వెళ్లి చెప్పే లోపలే మనుమరాలు పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ తరువాత పెద్దవాళ్లిద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని నవ్వుకున్నారు.

పెద్దల విషయంలో అది అక్కడితో ముగిసింది కానీ, తరగతిలో ముగియలేదు. గేటు దగ్గర జరిగినది చూసిన పిల్లలు ఆ అమ్మాయిని "గుంటా, గుంటా" అని పిలవసాగారు. రెండు రోజులలో ఆమె నోరు విప్పడం మానివేసింది. హాజరు పలికేటప్పుడు కూడా చేయి ఎత్తడమే తప్ప మాట లేదు. తరగతి ఉపాధ్యాయిని నాతో చెప్పినప్పుడు, ఎవరిని పిలిచి మందలించాలా అని మేమిద్దరమూ ఆలోచిస్తూ ఉన్నాము. మాకంటే ముందే ఆమె పక్కన కూర్చునే అమ్మాయి, చంద్రగిరి దగ్గరి పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, మార్గం కనిపెట్టింది. "రోజూ మీ ఊరి మాట ఒకటి నువ్వు చెప్పు, మా ఊరి మాట ఒకటి నేను చెబుతాను, సాయంత్రం లోపల ఆ మాటతో ఇద్దరమూ ఒక వాక్యం మాట్లాడాలి" అని పందెం పెట్టింది. మొదటి రోజు శ్రీకాకుళం అమ్మాయి "బేగి" అన్నది, చంద్రగిరి అమ్మాయి "బిన్నా" అన్నది. రెండింటి అర్థమూ త్వరగా అనే అని తెలిసి ఇద్దరూ ఆశ్చర్యపోయారట. ఆ సాయంత్రం బస్సు దగ్గర ఒకరు "బేగి రా", మరొకరు "బిన్నా రా" అని కేకలు వేసుకోవడం నేను స్వయంగా విన్నాను. వారం తిరిగేసరికి వెనుక వరుసల పిల్లలు తమకూ ఒక జత కావాలని అడిగారు. ఎగతాళి చేసిన నోళ్లే మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టాయి. ఈ ఆలోచన నాదీ కాదు, మా ఉపాధ్యాయులదీ కాదు. ఆ గౌరవం పన్నెండేళ్ల ఆ పిల్లకే చెందాలి కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఇటువంటి ఆటకు మన ప్రాంతం ఎంత అనువైనదో ఆలోచించండి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి తాలూకాలు ఉత్తర ఆర్కాటు నుంచి, మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప నుంచి వచ్చి కలిశాయి. ఒక వైపు తమిళం, ఒక వైపు కన్నడం, ఒక వైపు కడప తెలుగు. కుప్పంలో మూడు భాషలూ ఒకే అంగడిలో వినిపిస్తాయి. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని అక్కడ నెలకొల్పడానికి అంతకంటే తగిన చోటు దొరకదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయినా మాటలకు ఆ సరిహద్దు లేదు. దీనికి తోడు కొండకు వచ్చే యాత్రికుల వలన, ఉద్యోగాలకూ చదువులకూ వచ్చిన కుటుంబాల వలన, తెలుగునాట ఏ మూల మాట అయినా మన బస్టాండులో ఒక గంట నిలబడితే చెవిన పడుతుంది. మా ఏడవ తరగతిలోనే ఒకరు ఉర్లగడ్డ అంటే ఒకరు బంగాళాదుంప అంటారు, హైదరాబాదు నుంచి వచ్చిన పిల్లవాడు ఆలుగడ్డ అంటాడు. మనం బొరుగులు అనే వాటిని కోస్తా పిల్లలు మరమరాలు అంటారు. టెంకాయ, కొబ్బరికాయ వాదం ఒక మధ్యాహ్నమంతా సాగింది. తెన్ అంటే దక్షిణం కనుక టెంకాయ అంటే దక్షిణపు కాయ అని భాషావేత్తలు చెబుతారని మా తెలుగు ఉపాధ్యాయులు వివరించాక, మన వైపు పిల్లలు ఆ మాటను మరింత గర్వంగా పలుకుతున్నారు.

ఇక్కడ నా వైపు జరిగిన ఒక తప్పును మీ ముందు ఒప్పుకోవాలి. నేను తెలుగు ఉపాధ్యాయినిగా చేరిన తొలి సంవత్సరాలలో, ఒక పిల్లవాడు "మా ఎనుము ఈనింది" అని వ్యాసంలో రాశాడు. నేను ఎర్ర సిరాతో ఎనుము కొట్టివేసి గేదె అని రాసి, అర మార్కు తగ్గించాను. ఆ పిల్లవాడు ఇంటికి వెళ్లి వాళ్ల అవ్వతో "ఎనుము అనకూడదంట, తప్పంట" అని చెప్పాడని తరువాత తెలిసింది. ఎన్నో ఏళ్లకు, వేరే మాట కోసం సి.పి. బ్రౌన్ నిఘంటువు తిరగవేస్తుంటే అందులో ఎనుము కనిపించింది. 1852 నాటికే అచ్చులో కుదురుగా కూర్చున్న మాట అది. తమిళంలో ఎరుమై, కన్నడంలో ఎమ్మె దాని తోబుట్టువులు. నేను తప్పుపట్టినది ఒక పల్లెటూరి పొరపాటును కాదు, మూడు భాషల ఇంట పెరిగిన ఒక పాత మాటను. ఆ అర మార్కు తిరిగి ఇవ్వడానికి ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. కానీ ఈ ఏడాది నుంచి మా బడిలో ఏ ఉపాధ్యాయులూ ఇంటి మాటను ఎర్ర సిరాతో కొట్టివేయరు. ఆ మాట పక్కన నీలి సిరాతో గ్రంథాలలో వాడే మాటను కూడా రాసి, రెండూ నేర్చుకోమని చెబుతారు. పరీక్షలో ఏది ఎక్కడ రాయాలో పిల్లలకు తెలియాలి, అది నేర్పడం మా బాధ్యత. ఇంటి మాటకు సిగ్గుపడడం మాత్రం మేము నేర్పకూడదు.

పిల్లలు తెచ్చేవి ప్రాంతపు మాటలు మాత్రమే కావు. పలకడానికి వింతగా ఉండే మాటలంటే వారికి మహా ఇష్టం. ఒక పిల్లవాడు "పట్టపగలు" తెచ్చి, ఇందులో పట్ట అంటే ఏమిటని అడిగాడు. పట్టు చీరకు సంబంధించినదేమో అని ఒకరు, పట్టుకునే పగలని మరొకరు ఊహించారు. పగలు పగలు అని రెండుసార్లు అన్నప్పుడు మొదటి పగలు పట్ట అయిందని, మొదట మొదట అన్నది మొట్టమొదట, చివర చివర అన్నది చిట్టచివర, బయలు బయలు అన్నది బట్టబయలు అయినట్లే ఇదీ అయిందని తెలిసినప్పుడు వారి ముఖాలు చూడవలసింది. పై తరగతులలో ఆమ్రేడితం, ద్విరుక్తటకారం అనే పేర్లతో బట్టీపట్టి భయపడే సూత్రం ఆ రోజు నవ్వుతూ వారి దగ్గరకు వచ్చింది. మరునాడు ఒక అమ్మాయి "నిట్టూర్పు" తెచ్చింది. నిడు అంటే పొడవు, ఊర్పు అంటే శ్వాస, పొడవైన శ్వాసే నిట్టూర్పు అని తానే విడదీసి చెప్పి, తరగతి అందరి చేతా ఒకేసారి నిట్టూర్పించింది. చిఱు, ఎలుక కలిస్తే చిట్టెలుక అయినదీ ఈ దారినే అని తెలిసి ఆ వారమంతా ఇంకెన్ని దొరుకుతాయో అని వెతికారు.

మీలో కొందరు నన్ను కలిసి, ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లలకు దీనివల్ల ఇంగ్లీషు వెనకబడదా అని అడిగారు. మీ ఆందోళన నాకు అర్థమవుతుంది. ఫీజు కట్టి చదివిస్తున్న మీకు ఆ ప్రశ్న అడిగే హక్కు ఉన్నది. నేను చూసినంతలో జరుగుతున్నది ఇందుకు భిన్నంగా ఉంది. ఒక మాటను విప్పి చూడడం అలవాటైన పిల్లలు ఇంగ్లీషు మాటనూ అలాగే విప్పి చూస్తున్నారు. ఇంగ్లీషులోని బాండికూట్ అనే మాట మన పందికొక్కు నుంచే వెళ్లిందని, కాటమరాన్ తమిళపు కట్టుమరమని ఇంగ్లీషు ఉపాధ్యాయిని చెప్పిన నాటి నుంచి, నిఘంటువులో మాట పుట్టుక రాసిన వరుసను చదవడానికి పిల్లలు పోటీపడుతున్నారు. అక్షరదోషాలు తగ్గాయని కూడా ఆమె అంటున్నారు. తెలుగు రాని, ఇంట్లో తమిళమో ఉర్దూనో మాట్లాడే పిల్లలు తమ భాష మాటనే తెస్తారు. వారికీ ఇదే స్థానం.

నియమాలు కొద్దిగా ఉన్నాయి. ఎవరి కులాన్నైనా, ఒంటినైనా, వైకల్యాన్నైనా కించపరిచే మాట ఎంత వింతగా ఉన్నా తరగతికి రాకూడదు. గంగజాతరలో ఆచారంగా పలికే తిట్లు జాతరకే ఉండాలి. మాటను చూసి నవ్వవచ్చు కానీ, తెచ్చిన వారిని చూసి నవ్వకూడదు. ఫోనులో వెతికి తెచ్చిన మాట లెక్కకు రాదు, ఒక మనిషి నోటి నుంచి విన్నదై ఉండాలి.

ఈ చివరి నియమం కోసమే మీ సాయం కోరుతున్నాను. మొన్న ఒక పిల్లవాడు "కపిల" అన్న మాట తెచ్చి, అది ఆవు పేరని చెప్పాడు. వాళ్ల తాత చెప్పిన కపిల అది కాదు. బావి ఒడ్డున ఏటవాలుగా కట్టిన దారి మీద ఎద్దులు దిగుతూ మోకును లాగితే, గిలక మీదుగా పెద్ద తోలు బొక్కెన పైకి వచ్చి నీళ్లు కాలువలోకి కుమ్మరించేది. ఎద్దులు వెనక్కి ఎక్కితే బొక్కెన మళ్లీ బావిలోకి దిగేది. కోస్తాలో దీనిని మోట అంటారు. బోరుబావులూ మోటార్లూ వచ్చాక కపిల పోయింది, దానితో పాటు దాని భాగాల పేర్లు, ఎద్దులను అదిలించే కేకలు, తెల్లవారుజామున కపిల తోలుతూ పాడిన పదాలు పోతున్నాయి. మడక (నాగలి), కయ్య (మడి), గెనిమ (గట్టు) అనే మాటలు పొలం ఉన్న ఇళ్లలో ఇంకా వినిపిస్తున్నాయి కానీ, మా పిల్లలలో చాలామందికి అవి కొత్త. భాషాశాస్త్రవేత్త ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశపు వ్యవసాయ సంపుటం, జిల్లా జిల్లాలో రైతుల దగ్గరకు వెళ్లి, వారి నోట విన్న మాటలను రాసుకున్న ఫలితమే. మన పిల్లలు చేయబోయేది ఆ పనిలో చిన్న తునక.

కనుక ఈ సెలవులలో ఊరికి వెళ్లినప్పుడు పిల్లలను అవ్వ దగ్గరో, జేజి దగ్గరో, తాత దగ్గరో రోజుకు కొద్దిసేపు కూర్చోనివ్వండి. సంగటి కెలికేటప్పుడు, ఊరుబిండి నూరేటప్పుడు, అనపగింజలు పితికేటప్పుడు పెద్దవాళ్లు మాట్లాడే మాటలు ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తే రావు. చేతిలో పని ఉన్నప్పుడే వస్తాయి. పిల్లవాడు అడ్డు తగులుతున్నాడని పంపించివేయకండి. "అది పల్లెటూరి మాటలే, నీకెందుకు" అని దయచేసి అనకండి. ఊరు వెళ్లలేని వారు ఫోనులోనైనా మాట్లాడించండి. పెద్దలు దూరమైన ఇళ్లలో మీరే మీ చిన్ననాటి మాట ఒకటి జ్ఞాపకం తెచ్చుకుని చెప్పండి, అది చాలు.

ప్రతి విద్యార్థికీ ఇచ్చిన నలభై పుటల నోటుపుస్తకంలో రోజుకొక మాట, అది విన్న వాక్యం ఉన్నది ఉన్నట్లుగా, చెప్పినవారు తమకు ఏమవుతారు, ఏ ఊరివారు అన్నది రాయాలి. వ్యక్తుల పేర్లు రాయనక్కరలేదు. మాటను దిద్దవద్దని మీకు ప్రత్యేకంగా మనవి. అవ్వ ఎలా పలికితే అలాగే అక్షరాలలోకి రావాలి. ఒక మాటే దొరికినా దానితోనే రావచ్చు, దీనికి మార్కులు లేవు.

బడి తెరిచిన రోజు ఉదయం ప్రార్థన తరువాత జతలు తమ మాటలు మార్చుకుంటారు. శ్రీకాకుళం నాయనమ్మగారు ఆ రోజు ఏడవ తరగతికి వచ్చి ఒక గంట కూర్చుని తమ ఊరి మాటలు చెప్పడానికి ఒప్పుకున్నారు. గేటు దగ్గర ఆమెను ఎదుర్కొని తరగతి గదికి తీసుకువచ్చే పని తనకే కావాలని మా ఆయా అడిగి తీసుకున్నారు. మీలో వీలైన అవ్వాతాతలు కూడా ఆ గంటకు వచ్చి కూర్చోవచ్చు. వచ్చేవారు ముందు రోజు ఆఫీసులో ఒక మాట చెబితే కుర్చీలు వేయిస్తాము.

ఇట్లు,
మీ విధేయురాలు,
ప్రధానోపాధ్యాయిని,
తిరుపతి